పదునెనిమిది నిలువులు

మా అనంతపురపు పల్లెలలో బావి లోతును అడుగులతో కొలువరు, నిలువులతో కొలుతురు. మనుష్యుడు నిటారుగా నిలుచుండిన ఎత్తు ఒక నిలువు. “మీ బావి ఎంత లోతు?” అని అడిగినచో, “ఎనిమిది నిలువులు, నీరు మాత్రము మోకాలి బంటి” అని రైతు బదులు చెప్పును. ఆ కొలతలో లోతు మాత్రమే కాదు, ఆ లోతునకు దిగి అచట నిలుచుండిన మనుష్యుడును మనకు కనబడును. ఎత్తును గూడ ఈ కొలతతో కొలువవచ్చునని నాకు అరువది రెండవ యేట, మా ఊరికి వేల మైళ్ల దూరమున, ఒక వినోదవనములో తెలిసినది.

2018వ సంవత్సరము వేసవిలో నేను మా అమ్మాయి కాపురముండు అట్లాంటా నగరమునకు పోయితిని. అది అమెరికా సంయుక్త రాష్ట్రములలో జార్జియా రాష్ట్రమునకు రాజధాని. ఆ నగరమునకు ఉత్తరమున నున్న ఊళ్లలో తెలుగువారి కుటుంబములు వేలకొలదిగ స్థిరపడియున్నవి. మా మనుమరాలికి అప్పుడు పదుమూడేండ్లు. అచటనే పుట్టి పెరిగినదైనను తెలుగు చక్కగా మాటాడును. ఒకనాటి రాత్రి భోజనముల వేళ అది నాతో, “తాతా! నీవు ముప్పది యేండ్లు పిల్లలకు భౌతికశాస్త్రము చెప్పితివి గదా? ఆ శాస్త్రమంతయు మూడు నిమిషములలో నీ ఒంటికి తెలియునట్లు చేసెదను. రేపు నాతో రమ్ము” అనెను. పిల్లల మాట కాదనుట నాకు చేతగాదు. సరేయంటిని.

మరునాటి ఉదయము మా అల్లుడు మమ్ములను కారులో నగరమునకు పడమట నున్న ‘సిక్స్ ఫ్లాగ్స్ ఓవర్ జార్జియా’ అను వినోదవనమునకు కొనిపోయెను. ఆ వనము 1967లో తెరువబడినది. మేము చేరునప్పటికి ఇంకను జనమును లోనికి వదలలేదు. దూరమున చెట్లమీదుగా ఉక్కుపట్టాలు కొండచిలువవలె మెలికలు తిరిగి కనబడుచుండెను. వాటిమీద ఒక బండి గర్జించుచు పోయెను. అందు ఒక్క మనుష్యుడును లేడు. కొంతసేపటికి అది మరల ఖాళీగనే పోయెను.

“ఎవరును లేని బండి ఏల తిరుగుచున్నది?” అని అడిగితిని.

“ప్రతిదినము మనలను ఎక్కింపక మునుపు దానిని ఖాళీగా త్రిప్పి చూతురు, తాతా. అంతకు మునుపే పనివారు వచ్చి పట్టాలను, చక్రములను, మరలను పరీక్షింతురు” అని అది చెప్పెను.

ఆ మాటను నేనప్పుడు అంతగా పట్టించుకొనలేదు.

మా మనుమరాలు నన్ను నేరుగా ‘జార్జియా స్కార్చర్’ అను రోలర్ కోస్టరు కడకు తీసికొనిపోయెను. స్కార్చర్ అనగా మాడ్చునది. అనంతపురము ఎండలో పుట్టి పెరిగినవానికి ఆ పేరు క్రొత్తగా తోచలేదు. స్విట్జర్లాండు దేశమునకు చెందిన బొలిగర్, మాబియార్ అను ఇంజనీర్ల కంపెనీ దానిని నిర్మించినది. 1999లో అది జనమునకు తెరువబడెను. దాని ఎత్తు 107 అడుగులు. పట్టాల నిడివి 3,000 అడుగులు. వేగము గంటకు 54 మైళ్లు, అనగా ఇంచుమించు 87 కిలోమీటర్లు. నేను తలయెత్తి చూచుచు మనసులో లెక్క కట్టితిని. ఆరడుగుల మనుష్యునికి ఒక నిలువు చొప్పున అది ఇంచుమించు 18 నిలువులు. మా బావికి రెండింతలకన్న ఎక్కువ!

“ఇంకొక విశేషము చెప్పలేదు, తాతా! ఈ బండిలో కూర్చుండి పోరు. నిలుచుండి పోవలెను” అని అది నవ్వెను.

నా కాళ్లు ఉన్నచోటనే ఆగిపోయెను. ఎత్తు విని నేను జంకలేదు. వేగము విని జంకలేదు. కాళ్లక్రింద నేల లేకుండ నిలుచుండి దిగుట అను మాట వినగానే, ఏబదిరెండేండ్ల క్రిందటి మా బావి గట్టు నా కన్నుల యెదుట నిలిచెను. ఆ సంగతి మీకు ముందుగా చెప్పవలెను.

మాది ఎర్రనేలల మెట్టసీమ. నైరుతి ఋతుపవనములు పడమటి కనుమలను దాటునప్పటికి తమ నీటిలో పెద్దపాలు ఆ కొండలకే ధారపోసి వచ్చును. ఈశాన్య ఋతుపవనములు తూర్పుతీరమున కురిసి, మాకడకు వచ్చుసరికి అలసిపోవును. అందువలన ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానయే మాకు దక్కును. అదియు వేళకు పడునను నమ్మకము లేదు. వాననమ్మి వేరుసెనగ, బావినమ్మి రాగి పండించుకొనుట నా చిన్ననాటి సేద్యము. బావినుండి నీటిని కపిలతో తోడెడివారు. ఎద్దుల జత వాలుదారిలో దిగువకు నడచును. దాని లాగుడుకు తోలుబాన మీదికి వచ్చును. తోలెడివాడు మోకుమీద కూర్చుండి తన బరువును గూడ ఎద్దులకు సాయమిచ్చును. బరువు క్రిందికి పోవుటయే నీరు మీదికి వచ్చుటకు కారణమని నేను నేర్చుకొన్న తొలి శాస్త్రపాఠము అది.

1965, 1966 సంవత్సరములలో దేశమున పెద్ద కరవు వచ్చెను. మా బావి అడుగంటెను. ఆరు నిలువుల బావిని ఎనిమిది నిలువులు చేయవలెనని నాయన నిశ్చయించెను. ఒక నిలువు త్రవ్వునప్పటికి వేసవి నడిమికి వచ్చినది. బావి పైభాగమున నాలుగు నిలువుల వరకు రాతిమెట్లుండెను. అంతకు దిగువ నున్నదంతయు నిలువుగా చెక్కిన బండ. కావున దిగుటకు తాడే గతి. బావికి అడ్డముగా వేసిన తుమ్మదూలమునకు గిలక కట్టి, దానిమీదుగా కిత్తనారతో పేనిన మూడు పేటల మోకును వేసిరి. మోకు కొనను ఒక పాదము పట్టునంత ఉచ్చు ఉండెను. దిగువాడు ఆ ఉచ్చులో పాదముంచి, రెండు చేతులతో మోకును పట్టుకొని, నిటారుగా నిలుచుండును. గట్టుమీద నలుగురు రెండవ కొనను పట్టి కొంచెము కొంచెముగ వదలుదురు. దిగువానికి క్రింద నేల లేదు. ప్రక్కన గోడ అందదు. మోకు ఒక్కటే ఆధారము.

ఆ మోకును చూచుట నా పని. నాకప్పుడు పదియేండ్లు. ప్రతి ఉదయము దానిని అటకమీదనుండి దించి, ఆముదములో తడిపిన గుడ్డతో ఉచ్చు మొదలుకొని రెండవ కొనవరకు తుడువవలెను. నిన్నటి మట్టి పోవలెను. తుడుచునపుడు ప్రతి జానెడును వ్రేళ్లతో తడిమి, నార లేచినదో, పేట వదులైనదో, ఎలుక కొరికినదో చూడవలెను. మోకు నిడివి అరువది మూరలు. పని ముగియుటకు గంటసేపు పట్టును. పిదప నాయన వచ్చి, “మోకు చూచితివా?” అని అడుగును. “చూచితిని” అని నేను చెప్పుదును. ఆయన మరల చూడడు. వెంటనే ఉచ్చులో పాదము పెట్టును.

ఒకనాడు ప్రక్క ఊరిలో తిరునాళ. అచటికి రంకులరాట్నము వచ్చినదని ముందటి రాత్రియే విని, నాకు నిద్రపట్టలేదు. పిల్లలనందరిని ఎక్కించుకొని ఒక బండి తెల్లవారకముందే బయలుదేరుచుండెను. నేను మోకు దించి తుడుచుట మొదలుపెట్టితిని. ఇరువది మూరలు తుడుచునప్పటికి వీధిలో ఎద్దుల మువ్వలు వినబడెను. గుడ్డను మోకుమీదనే పడవేసి లేచితిని. వాకిట నాయన ఎదురుపడి, “మోకు చూచితివా?” అని అడిగెను.

“చూచితిని” అంటిని.

ఆ దినమంతయు నేను సంతోషముగ గడపితిని. రంకులరాట్నము మూడుమార్లు ఎక్కితిని. సాయంకాలము బొరుగుల పొట్లము చేతబట్టుకొని ఇంటికి వచ్చునప్పటికి, వాకిట జనము మూగియుండిరి. నాయన మంచముమీద పరుండియుండెను. ఆయన కుడికాలికి నాటువైద్యుడు వెదురుబద్దలు పెట్టి కట్టు కట్టుచుండెను.

నాయన దిగుచుండగా గిలక కడ మోకులో ఒక పేట పుటుక్కున తెగినది. పైనున్నవారు అదురు తెలిసి గబగబ దించసాగిరి. మిగిలిన రెండు పేటలును విడిపోవునప్పటికి నాయన ఇంకను నిలువున్నర ఎత్తున నుండెను. అడుగున బురద యున్నందున ప్రాణము దక్కినది, చీలమండ విరిగినది.

మూడవనాడు నాయన ఆ మోకును తన మంచము కడకు తెప్పించుకొనెను. నేను గుంజచాటున నిలుచుండి చూచుచుంటిని. ఆయన దానిని ఒడిలో వేసికొని, ఉచ్చు మొదలుకొని మెల్లగా వ్రేళ్లతో తడుముచు పోయెను. ఇరువది మూరలవరకు మోకు ఆముదముతో నిగనిగలాడుచుండెను. ఆపైన నిన్నటి మట్టి మట్టిగనే యుండెను. మట్టి మొదలైన చోటికి నాలుగు మూరల అవతల మోకు తెగియుండెను. తెగిన పేటమీద ఎలుక పండ్ల గాట్లు పసివానికైనను కనబడునట్లుండెను. నాయన ఆ మోకును చుట్టి ప్రక్కన పెట్టెను. నావైపు ఒక్కసారి చూచెను. ఏమియు అనలేదు. ఆయన కొట్టియుండినచో నాకు సుఖముగా నుండెడిది.

నలువది దినములకు కట్టు విప్పిరి. కాలు అతికినది గాని, కొంచెము కుంటు మిగిలిపోయెను. క్రొత్త మోకు వచ్చినది. మరల పని ప్రారంభించు దినమున నాయన నన్ను పిలిచి, “రేయ్, మోకు నీవే చూడవలెను” అనెను.

అమ్మ అడ్డుపడి, “ఆ పని మరల వానికేల? చిన్నబ్బ యున్నాడు గదా!” అనెను.

“మోకు తెగిన నేమగునో మన యింటిలో వానికి తెలిసినట్లు మరెవ్వరికిని తెలియదు. ఇక వాడే చూడవలెను” అని నాయన బదులు చెప్పెను.

నేను ఆ మోకును మొదలునుండి కొసవరకు తుడిచితిని. తిరిగి కొసనుండి మొదలువరకు తుడిచితిని. నాయన వచ్చి ఎప్పటివలెనే, “మోకు చూచితివా?” అని అడిగెను. గొంతు పెగలక తల మాత్రము ఊపితిని. ఆయన ఉచ్చులో ఆ కుంటికాలినే పెట్టి, మోకును పట్టుకొని, బావిలోనికి దిగిపోయెను. ఆ సంవత్సరమే మా బావి ఎనిమిది నిలువులయ్యెను. నేను చేసిన తప్పును నోటితో ఆయనకు ఎన్నడును చెప్పలేదు. ఆయన 1991లో గతించెను.

ఆ సంగతులన్నియు తలచుకొనుచు నేను రోలర్ కోస్టరు కడ వరుసలో నిలుచుంటిని. వరుస పెద్దది, గంటసేపు పట్టునని పలక మీద వ్రాసియుండెను. మా మనుమరాలికి ఆ బండ్ల చరిత్ర యందు మిక్కిలి మక్కువ. అది చెప్పినదియు, నేను ఎరిగినదియు కలిపి మీకు క్లుప్తముగా చెప్పెదను.

ఈ ఆటకు మూలము రష్యాదేశమున చలికాలమందు కట్టెడి మంచు జారుడుబండలు. 1884లో లామార్కస్ థాంప్సన్ అనునతడు న్యూయార్కు నగరపు కోనీ ఐలండులో పట్టాలమీద జారు బండిని నడపెను. దాని వేగము గంటకు ఆరుమైళ్లు మాత్రమే. వేగము పెంచవలెనన్నచో బండి పట్టాలను వదలి ఎగిరిపోవునను భయముండెను. 1919లో జాన్ మిల్లర్ అను అమెరికా ఇంజనీరు ఆ భయమును తీర్చెను. పట్టామీద తిరుగు చక్రములే కాక, పట్టా క్రిందిభాగమును పట్టుకొను చక్రములను గూడ ఆయన అమర్చెను. నేటి బండ్లకు పట్టా పైన, ప్రక్కన, క్రింద మూడువైపుల చక్రములుండును. మన పిడికిలి కర్రను పట్టినట్లు అవి పట్టాను పట్టుకొనియుండును. 1959లో కాలిఫోర్నియాలోని డిస్నీలాండున గొట్టమువంటి ఉక్కుపట్టా వాడుకలోనికి వచ్చెను. దానిని ఎట్లు కావలసిన అట్లు వంచవచ్చును గనుక, బండిని తలక్రిందులుగా త్రిప్పుట సులువాయెను. నిలుచుండి పోవు పద్ధతి 1982లో జపాను దేశమున మొదలై, పిదప అమెరికా చేరెను.

నిలుచుండుట యనగా వట్టి వినోదముకొరకైన మార్పు కాదు. వేగముగా క్రిందికి వచ్చిన బండి మరల పైకి తిరుగునపుడు మన బరువు మూడింతలో నాలుగింతలో అయినట్లు తోచును. కూర్చుండినవాని బరువును పీట మోయును. నిలుచుండినవాని బరువును వాని మోకాళ్లే మోయవలెను. అంతేకాక, ఆ సమయమున రక్తము తలనుండి కాళ్లవైపునకు దిగజూచును. నిలుచుండినవానికి తల, కాళ్ల నడుమ ఎడము ఎక్కువ. కావున ఇట్టి బండ్ల మలుపులను మిక్కిలి జాగ్రత్తతో లెక్కకట్టి నిర్మింపవలెను.

మా వంతు వచ్చినది. ఒక్కొక్క వరుసకు నలుగురు చొప్పున నిలుచుంటిమి. కాళ్ల నడుమ సైకిలు సీటువంటి చిన్న ఆధారమొకటి ఉండెను. మన ఎత్తునకు తగినట్లు అది జరిగి, ఆపైన కదలక బిగిసికొనును. భుజముల మీదుగా మెత్తని తొడుగుగల ఉక్కుకడ్డీ దిగి రొమ్మును అదుముకొనెను. ఇరువది యేండ్లు నిండని కుర్రవాడొకడు వరుసవెంబడి వచ్చుచు, ప్రతివాని కడను ఆగి, ఆ కడ్డీని పట్టి క్రిందికి ఒకమారు, మీదికి ఒకమారు గుంజి చూచుచుండెను. నా కడకు వచ్చి అట్లే గుంజెను. నేను వాని ముఖమును చూచితిని. వాని చూపు నామీద లేదు, కడ్డీమీద నుండెను. నాకు ఎంతో నెమ్మది కలిగెను. చివరివరకు పోయి, అతడు బొటనవ్రేలు పైకెత్తి మీటల కడ నున్నవానికి చూపెను. అవతలి ప్రక్క వరుసలను చూచిన అమ్మాయియు వ్రేలెత్తెను. ఆ రెండు వ్రేళ్లును లేచిన తరువాతనే బండి కదలినది.

నా చెవికి ఆ సైగ “చూచితిని” అని వినబడెను.

బండికి ఇంజను లేదు. ఒక గొలుసు దానిని ఏటవాలుగా మీదికి లాగుకొనిపోవును. టకటకమని ఒక చప్పుడు అడుగడుగునకు వినబడును. గొలుసు తెగినను బండి వెనుకకు జారకుండ, దాని అడుగున నున్న కొక్కెము పట్టా ప్రక్కనున్న పండ్లలో ఒకదాని తరువాత ఒకదానిని పట్టుకొనుచు పోవుటయే ఆ చప్పుడునకు కారణము. నేను ఆ టకటకలను వినుచు నిలువులు లెక్కించితిని. ఎనిమిది నిలువులు దాటితిమి. మా బావి నిండినది. పదునెనిమిది నిలువులకు చేరితిమి. దిగువ అడవి పచ్చని తివాసివలె పరచుకొనియుండెను. అంత పచ్చదనమును, అంత ఎత్తునుండి నేను మునుపెన్నడును చూచియుండలేదు.

గొలుసు వదలివేసెను. చప్పుడు ఆగెను. కాళ్లక్రింద నేల జారిపోయినది.

నూరడుగుల ఎత్తునుండి రాపిడి లేక జారిన వస్తువు గంటకు 88 కిలోమీటర్ల వేగమును పొందునని నేను నల్లబల్లమీద ఎన్నిమార్లు లెక్కచేసి చూపితినో! ఎత్తునందు దాగిన స్థితిశక్తి గతిశక్తిగా మారునని ఎన్నిమార్లు చెప్పితినో! ఆ దినమున ఆ సూత్రము నా కడుపులో నుండి గొంతువరకు వచ్చెను. క్షణములో బండి పైకి లేచి నిలువుచుట్టులో ప్రవేశించెను. మోకాళ్లమీద బస్తా దింపినట్లయ్యెను. ఆకాశము కాళ్లక్రిందికిని, భూమి తలమీదికిని వచ్చెను. అయినను నేను పడలేదు. నీరు నింపిన చెంబునకు తాడుకట్టి వేగముగ త్రిప్పినచో నీరు ఒలుకదు గదా. అదే ఇచటి రహస్యము. ఆ చుట్టు సరియైన వృత్తము కాదు, నీటిబొట్టు ఆకారముగలది. 1895లో కోనీ ఐలండున కట్టిన చుట్టు గుండ్రముగా నుండుటచే ఎక్కినవారికి మెడలు నొప్పిపుట్టెడివి. వేగమధికముగ నుండు అడుగుభాగమున వంపు తక్కువగను, వేగము తగ్గు శిఖరమున వంపు ఎక్కువగను ఉండునట్లు వెర్నర్ స్టెంగెల్ అను జర్మను ఇంజనీరు మార్చినది మొదలు ఆ బాధ తగ్గెను. అట్టి చుట్టుతో తొలిబండి 1976లో కాలిఫోర్నియాలో నడచెను.

ఆపైన మరమేకువలె మెలిదిరిగిన పట్టాలో బండి మరియొకమారు మమ్ములను తలక్రిందులు చేసెను. పిదప ఎడమకు, కుడికి వాలుచు పరుగెత్తెను. నా ప్రక్కన మా మనుమరాలు రెండు చేతులెత్తి కేకలు వేయుచుండెను. నేను కడ్డీని వదలలేదు. తుదకు పట్టాల నడుమ అమర్చిన ఆపుడుపలకలు బండి అడుగును రెండువైపుల బిగించి పట్టుకొనెను. తేరు చక్రముల క్రింద అడ్డుమొద్దులు వేసి నిలుపు పనివారు నాకు జ్ఞప్తికి వచ్చిరి. తేరు ఎంత పెద్దదైనను దానిని నడుపునది లాగువారి బలము. అది ఎవరిమీదికిని పోకుండ కాపాడునది మొద్దు వేయువాని చూపు.

దిగిన తరువాత నా కాళ్లు వణకుచుండెను. మా మనుమరాలు నన్ను ఒక చెట్టునీడకు కొనిపోయి కూర్చుండబెట్టి, నీళ్లిచ్చెను. “భయమైనదా, తాతా?” అని అడిగెను.

“కాలేదమ్మా” అంటిని. ఏబదిరెండేండ్లుగా ఎవ్వరికిని చెప్పని మోకు కథను ఆ చెట్టుక్రింద దానికి చెప్పితిని. అది నడుమ ఒక్కమాటయు ఆడక వినెను. తుదకు, “ముత్తాత నిన్ను మన్నించెనా?” అని అడిగెను.

“మన్నించితినని ఆయన నోటితో చెప్పలేదు. మరునాటినుండియు నేను చూచిన మోకుమీదనే దిగెను” అంటిని.

అది కొంతసేపు ఆలోచించి, దూరమున బండి కడ నిలుచుండిన ఆ కుర్రవానివైపు చూచెను. అతడు మరల క్రొత్తగా ఎక్కినవారి కడ్డీలను ఒక్కొక్కటిగా గుంజి చూచుచుండెను. మేము నలుగురైదుగురు బండ్లనిండుగ జనము పోవునంతసేపు అచట కూర్చుంటిమి. ఒక్కమారైనను అతడు ఒక్క వరుసనైనను విడువలేదు. ఉదయము ఖాళీగా తిరిగిన బండియు, పట్టాలను తడిమి చూచి పోయిన పనివారును అప్పుడు నాకు జ్ఞప్తికి వచ్చిరి. వారిని మేము చూడనైనలేదు. మేము మీద కేకలు వేయుచు ఆడుకొనినది వారు తెల్లవారుజామున చేసిన పనిమీద నిలుచుండియే.

బాలలారా! నిలుచుండి పోవువాని ధైర్యమును లోకము మెచ్చుకొనును, మెచ్చుకొననిండు. వానిని నిలిపినది మరియొకని చూపు. బస్సు చక్రపు మరను బిగించువాడు, మందుసీసాపై చీటి అంటించువాడు, బడి కప్పును సంవత్సరమునకొకమారు పరీక్షించువాడు, వీరందరును మోకు తుడుచువారే. వారిని ఎవ్వరును గుర్తింపరు. వారు “చూచితిని” అని చెప్పిన ఒక్కమాటను నమ్మి మనము పాదము పెట్టుదుము.

2019లో మా మనుమరాలు సెలవులకు మా ఊరికి వచ్చెను. దానిని బావి కడకు తీసికొనిపోయితిని. బావిలో ఇప్పుడు నీరు లేదు. చుట్టుప్రక్కల గొట్టపుబావులు వందలకొలది అడుగుల లోతునకు పోయినవి. తుమ్మదూలము ఒరిగియున్నది. గిలకమాత్రము దానికి ఇంకను వ్రేలాడుచుండెను. దాని నడుమ మోకు ఒరసి ఒరసి పడిన గాడిలో అది తన చూపుడువ్రేలిని ఉంచి, చుట్టును ఒకమారు త్రిప్పి చూచెను. తరువాత బావిలోనికి తొంగిచూచి, “ఎనిమిది నిలువులు” అని మెల్లగా అనెను.

నేటికిని ఇంటిలో ఎవరైనను, “తలుపు గడియ వేసితివా? పొయ్యి ఆర్పితివా? చూచితివా?” అని అడిగినచో నేను వెంటనే బదులు చెప్పలేను. లేచి పోయి, మరల నొకమారు చూచి వచ్చి, అప్పుడు చెప్పుదును.